టాపు లేని బండి గురించి రాసేటప్పుడు

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఊరికే చదివాను, రెండోసారి పెన్సిలు చేతిలో పెట్టుకొని చదివాను. చెన్నై నుంచి దర్శనానికి వచ్చిన దంపతులు కొండ దిగి, పైకప్పు (టాపు) మడిచి దించుకోగల తమ రెండు సీట్ల ఖరీదైన బండిని రేణిగుంట రోడ్డులోని షెడ్డులో డీటెయిలింగుకు, అంటే లోపలా బయటా మూలమూలా శుభ్రం చేసి నిగ్గు తేల్చే పనికి, వదిలిపెట్టడం, రెండు రోజుల తర్వాత వచ్చి తీసుకెళ్లడం నువ్వు ఎంచుకున్న విషయం. మంచి విషయమే. కానీ నాలుగు పేజీల్లో ఆ బండి ‘అద్దంలా మెరిసింది’ అని ఐదుసార్లు రాశావు. మెరుపు అనేది పని అంతా అయిపోయాక కనిపించేది కనుక, షెడ్డు గడప తొక్కనివాడు కూడా ఆ మాట రాయగలడు. ఆ బండి మీద ఏ మురికి ఉంది, అది ఎక్కడి నుంచి వచ్చింది, దాన్ని ఏ వరుసలో, దేనితో, ఎంతసేపు తీశారు అనేది అక్కడ నిలబడి చూసినవాడు మాత్రమే రాయగలడు. నువ్వు రెండు రోజులు అక్కడే ఉన్నానన్నావు. మరి ఆ రెండు రోజులు వ్యాసంలో ఎక్కడున్నాయి?

ముందు ఒక చిన్న సంగతి తేల్చుకుందాం. ఆ బండిని నువ్వు ‘పరివర్తనీయ శకటం’ అన్నావు. షెడ్డులో ఎవరైనా ఆ మాట అన్నారా? ‘టాపు లేని బండి’ అనో, ‘ఓపెన్ టాప్’ అనో అని ఉంటారు. వాళ్లన్న మాటే రాయి. అంతకంటే ముఖ్యంగా, ఆ టాపు గుడ్డదా, రేకుదా అన్నది ముందే చెప్పు, ఎందుకంటే పనంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. బీఎండబ్ల్యూ జెడ్4నే చూడు. 2009లో వచ్చిన తరానికి మడతపడే రేకు టాపు ఉండేది, 2018లో చూపించిన తరానికి మళ్లీ గుడ్డ టాపే పెట్టారు. ఆ గుడ్డ టాపు 10 సెకన్లలో, బండి గంటకు 50 కిలోమీటర్ల వేగం దాటకుండా నడుస్తున్నప్పుడు కూడా తెరుచుకుంటుంది. నువ్వు చూసినది లేత గోధుమరంగు గుడ్డ టాపు అని నాకు మూడో పేజీ చివర్లో, అదీ పొరపాటున దొర్లిన మాట వల్ల తెలిసింది.

ఇప్పుడు మురికి దగ్గరికి వద్దాం. కొండ దిగిన బండికి చక్రాల దగ్గర ఒక కథ ఉంటుంది. 1974లో రెండో ఘాట్ రోడ్డు వచ్చాక పైకి వెళ్లే బండ్లు దాని మీద వెళ్తున్నాయి, 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు దిగేవాటికి మిగిలింది. ఆ మలుపులన్నిటా బ్రేకు తొక్కుతూ దిగితే, బ్రేకు ప్యాడ్లూ డిస్కులూ అరిగి వచ్చిన ఇనుప పొడి వేడివేడిగా చక్రాల మీద పడి, అంటుకొని, తుప్పు పట్టడం మొదలుపెడుతుంది. మామూలు షాంపూకు అది లొంగదు. అందుకే షెడ్డులో చక్రాలు చల్లబడేదాకా ఆగుతారు, వేడి మీద కొడితే మందు అక్కడికక్కడే ఆరిపోయి మరక పడుతుంది కనుక. చల్లబడిన తర్వాత కొట్టే మందు నీళ్లలాగే కనిపిస్తుంది గాని, ఇనుము తగిలిన చోటల్లా రెండు మూడు నిమిషాల్లో ఊదారంగుకు తిరిగి, చువ్వల వెంట నేరేడుపండు రసంలా కారుతుంది, కుళ్లిన గుడ్ల వాసన కూడా వేస్తుంది. నువ్వు దీన్ని చూశావు, ఆ వాసన పీల్చావు, అయినా ‘చక్రాలు శుభ్రపరచబడ్డాయి’ అని రెండు మాటల్లో దాటేశావు! చక్రాలనే ముందు ఎందుకు కడుగుతారో, వాటి బకెట్టూ బ్రష్షూ వేరుగా ఎందుకు ఉంచుతారో ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: ఆ ఇనుప పొడి ఉన్న గుడ్డ తర్వాత బానెట్ మీదికి వెళ్తే గీతలు పడతాయి.

నాకు అన్నిటికంటే నచ్చిన సంఘటనను నువ్వు వ్యాసంలో రాయలేదు, మొన్న ఫోనులో చెప్పావు. అలిపిరిలో బండికి పూజ చేయించినప్పుడు టాపు ముందు అంచు మీద పెట్టిన పసుపు బొట్టు గురించి. కొత్తగా పనిలో చేరిన పిల్లవాడు దాన్ని తీసేద్దామని బట్టల సబ్బు నురగ పెట్టి రుద్దితే, పసుపు బొట్టు కళ్లముందే ఎర్రగా మారిందనీ, వాడు బెదిరిపోయి చేతులు వెనక్కి పెట్టుకున్నాడనీ చెప్పావు. షెడ్డులోని పెద్ద పనివాడు, ఆ పెద్దాయన, వచ్చి చూసి, ‘సబ్బు పెట్టినావా? నీళ్లు పోసి ఎండలో పెట్టురా, అదే పోతాది’ అని తన పనిలోకి వెళ్లిపోయాడన్నావు. పసుపులోని రంగు క్షారం తగిలితే ఎర్రబడుతుంది. మన ఇళ్లలో పసుపూ సున్నమూ కలిపి పారాణి చేసుకునేది ఆ గుణం వల్లే. అదే రంగు ఎండకు నిలవదు. ఆ పిల్లవాడి ఇంట్లో ఏ పెళ్లికో పారాణి కలిపే ఉంటారు, కానీ అది ఇక్కడ పనికొస్తుందని వాడికి తట్టలేదు. ఈ ఒక్క బొట్టులో తిరుపతి ఉంది, ఆ పని ఉంది, ఇద్దరు మనుషులు ఉన్నారు. వ్యాసాన్ని ఇక్కడే మొదలుపెట్టమని నా సలహా.

గుడ్డ టాపు విషయంలో నేనూ ఒకసారి తలవంచుకున్నాను. చాలా ఏళ్ల కిందట ఒక వారపత్రికకు ఇలాంటి వ్యాసమే రాస్తూ, పనివాడు టాపు మీద మైనం పట్టించి నిగ్గు తేల్చాడని ఎంతో అందంగా రాశాను. అచ్చయిన మర్నాడు ఒక పాత మెకానిక్ ఇంటికి వచ్చి, నేనిచ్చిన కాఫీ తాగి, ‘సార్, గుడ్డకు మైనం పూస్తే నేతలో తెల్లగా గడ్డకట్టి ఇంక రాదు సార్’ అని మెల్లగా చెప్పి వెళ్లాడు. నేను చూడనిది రాశానని ఆయనకు మొదటి చదువులోనే తెలిసిపోయింది. అప్పటి నుంచి పనిముట్టు పేరు రాసే ముందు అది దేనిమీద వాడతారో అడిగి రాసుకోవడం అలవాటైంది.

ఆ టాపు ఒక్క గుడ్డ కాదు. పైన నేసిన బట్ట, మధ్యలో రబ్బరు పొర, లోపల అస్తరు ఉంటాయి. వాననీటిని ఆపేది మధ్య పొర. పైన కొట్టే రక్షక ద్రవం నీటిని బట్టలో ఇంకనివ్వకుండా బొట్లుబొట్లుగా జారేటట్టు చేస్తుంది, అంతే. అందుచేత టాపు మూసి ఉంచి, ముందు పొడిగా దుమ్ము దులిపి, గుడ్డల కోసం తయారైన క్లీనరుతో మెత్తని బ్రష్షు పట్టి నేత వెంట రుద్ది, నురగ మిగలకుండా కడుగుతారు. ప్రెషర్ గొట్టాన్ని కుట్ల దగ్గరికి పోనివ్వరు. పూర్తిగా ఆరిన తర్వాత, అద్దాలకూ పెయింటుకూ కాగితం అంటించి, అప్పుడు ద్రవం కొడతారు. నువ్వు రాయని మరో రెండు పనులు ఉన్నాయి. టాపు మడతపడే చోట నీళ్లు పోయే సన్నని దారులుంటాయి. చెట్ల కింద ఆపిన బండికి ఆకులూ పూలూ అందులో చేరి కుళ్లి అడ్డుపడితే, వాననీళ్లు వెనక్కి తన్ని లోపలికి వస్తాయి, యజమాని టాపు చిరిగిందనుకుంటాడు. ఇక అంచుల రబ్బర్లు. వాటిని తడిగుడ్డతో తుడిచి రబ్బరు కోసం చేసిన పూతనే పలుచగా పట్టించాలి, ఇంట్లో ఉన్న పెట్రోలియం జెల్లీ పూస్తే అవి ఉబ్బుతాయి.

కడగడం గురించి ఎక్కువ రాయనవసరం లేదు. నురగ కొట్టడం, రెండు బకెట్లు పెట్టుకొని ఒకదాంట్లో షాంపూ, రెండోదాంట్లో గుడ్డ జాడించుకునే నీళ్లు ఉంచడం, పైనుంచి కిందికి రావడం, ఇవి ఒక పేరాలో చాలు. అయితే బోరునీళ్లను మరిచిపోవద్దు. మన ఎండలో రేకు మీద నీటిబొట్టు ఆరితే అందులోని కాల్షియం, మెగ్నీషియం తెల్లని వలయంగా మిగిలిపోతాయి. కాబట్టి నీడలో కడిగి, వెంటనే ఒత్తుగా ఉన్న మైక్రోఫైబర్ తువ్వాలు పరిచి అద్దుతారు.

ఆ తర్వాత పెద్దాయన ఒక పలుచని ప్లాస్టిక్ కవరు చేతికి తొడుక్కొని, కళ్లు మూసుకొని బానెట్ మీద నిమిరాడని నువ్వు రాసిన వాక్యం బాగుంది, దాన్ని ముట్టుకోవద్దు. కానీ ఎందుకు నిమిరాడో చెప్పు. కడిగాక కూడా పెయింటులో దిగబడి ఉన్న సూక్ష్మమైన రేణువులు వట్టి వేలికి తెలియవు, కవరు మీదుగా గరగరమని తెలుస్తాయి. ఆ గరగర పోయేదాకా జారుడు నీళ్లు చల్లుతూ ఆ రేణువుల్ని అంటించుకొని లాగేసే మెత్తని బంకమట్టిలాంటి క్లే ముద్దతో మెల్లగా రాస్తారు.

పాలిష్ దగ్గర నీ వ్యాసం తప్పుదారి పట్టింది. ‘పాలిష్ పూసి మెరుపు తెచ్చారు’ అన్నావు. పాలిష్ పూసేది కాదు, తీసేది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పెయింటు పొరలన్నీ కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాను మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంటే ఇంచుమించు ఒక జెరాక్స్ కాగితం మందం ఉంటాయి. అందులో పైనున్న పారదర్శకమైన క్లియర్ కోట్ సుమారు 40, 50 మైక్రాన్లు. సాలెగూడులా కనిపించే గుండ్రటి గీతలు ఉండేది ఆ పొరలోనే. వాటిని పోగొట్టడమంటే గీత లోతు వరకూ చుట్టుపక్కల పొరను అరగదీయడమే. అందుకే ముందు మీటరు పెట్టి మందం కొలుస్తారు, అంచుల దగ్గర పొర పలుచగా ఉంటుందని టేపు వేస్తారు, చిందిన కాంపౌండు, అంటే అరగదీసే పాలిష్ ముద్ద, గుడ్డ నేతలో తెల్లగా ఎండకుండా టాపు మొత్తాన్ని కప్పుతారు. కొన్ని గీతల్ని పెద్దాయన కావాలనే వదిలేశాడని నీ నోటుబుక్కులో ఉంది, వ్యాసంలో లేదు. వదిలేయడం ఎంత తెలిసినవాడి పనో పాఠకుడికి తెలియాలంటే, పైన చెప్పిన మైక్రాన్ల లెక్క ముందు వాడికి అందాలి.

పెయింటు మీద చివరగా వేసే రక్షణ పూత, సెరామిక్ కోటింగ్, ‘9హెచ్, దాదాపు వజ్రమంత గట్టిది’ అని కూడా రాశావు. అది ప్రచారపు కాగితంలోని మాట అయి ఉంటుంది. 9హెచ్ అనేది పెన్సిళ్లతో గీకి చూసే కొలత, ఆ పరీక్షలో వాడే పెన్సిళ్లలో అన్నిటికంటే గట్టిదాని పేరు. ఖనిజాల గట్టితనాన్ని చెప్పే, వజ్రాన్ని 10 అనే మోస్ కొలతకూ దీనికీ సంబంధం లేదు. కోటింగ్ ఉన్నా ఇసుక అంటిన గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. అమ్మేవాడి వాక్యం నీ వ్యాసంలోకి వస్తే దాన్ని అమ్మేవాడి నోటనే ఉంచు.

లోపలి పనికి నువ్వు అర పేజీ కూడా ఇవ్వలేదు, నాకు ఇది పెద్ద లోటుగా తోచింది. పైగా అక్కడ కూడా ‘లెదరు సీట్లు మిలమిల మెరిశాయి’ అన్నావు. నాయనా, బండి పైన మెరిస్తే శుభ్రంగా ఉన్నట్టు. లోపల లెదరు మెరిస్తే మురికిగా ఉన్నట్టు. ఇప్పటి బండ్లలో చాలావరకు లెదరు మీద రంగూ, దానిపైన సన్నని రక్షణ పూతా ఉంటాయి. చేతి జిడ్డు, చెమట, ముఖానికి రాసుకున్న క్రీములు ఆ పూత మీద పేరుకుంటే నునుపైన మెరుపు వస్తుంది. స్టీరింగ్ మీద చేతులుండే చోట్లు చూస్తే తెలుస్తుంది. గాఢత లేని క్లీనరూ మెత్తని వెంట్రుకల బ్రష్షూ పట్టి ఆ జిడ్డు తీసేస్తే, లెదరు మొదటి రోజున ఉన్నట్టు మెరుపు లేకుండా కనిపిస్తుంది. నూనె పూస్తే లోపలికి ఇంకుతుందని చాలామంది నమ్ముతారు గాని, పూత ఉన్నచోట అది పైనే నిలిచి దుమ్మును పట్టుకుంటుంది. టాపు దించి తిరిగే బండికి ఎండా దుమ్మూ నేరుగా లోపలికి వస్తాయి కాబట్టి ఇదంతా మామూలు కారు కంటే రెండింతలు ముఖ్యం.

ఇక ఆ బండిలో దొరికినవి. యజమాని కల్యాణకట్టలో తలనీలాలిచ్చి గుండుకు గంధం పూసుకొని, టాపు దించుకొని కొండ దిగాడని నువ్వే చెప్పావు. హెడ్‌రెస్టు కుట్లలో ఆ గంధం ఎండి పొలుసులుగా లేస్తే, గాలికి సీట్ల వెనుక తివాచీ అంతా పడింది కదా. సీటు పట్టాల సందులో లడ్డూ పలుకూ, జీడిపప్పు ముక్కా, చుట్టూ నేతి మరకా. పిల్లవాడు గంధం పొడిని తడిపేస్తే కుట్లలోకి దిగుతుందని ముందు పొడి బ్రష్షుతో రాల్చి వ్యాక్యూం పెట్టాడా, లేదా తొందరపడ్డాడా? లడ్డూ ముక్కను వ్యాక్యూంలోకి లాగేశాడా, ప్రసాదమని చేత్తో తీసి వేరేగా పెట్టాడా? నాకు ఇవి తెలుసుకోవాలని ఉంది. గుర్తు లేకపోతే మళ్లీ వెళ్లి అడుగు, ఊహించి రాయవద్దు.

ఒక పేజీలో కోటి రూపాయల బండినీ, దాన్ని తుడిచే పిల్లవాడి చిరిగిన చొక్కానూ పక్కపక్కన పెట్టి నిట్టూర్చావు. ఆ పేజీ తీసెయ్యి. అది నువ్వు షెడ్డుకు వెళ్లకముందే నీ దగ్గర ఉన్న పేజీ. వాడి జీతం ఎంతో, ఏ ఊరినుంచి వస్తాడో, ఊదారంగు మందుకు చేతులు మండితే గ్లవుజులు ఇస్తారో లేదో రాస్తే మిగతాది పాఠకుడు చూసుకుంటాడు. అలాగే ఈ పనిని రచనకు పోలికగా వాడాలని ముగింపులో ప్రయత్నించావు. వాక్యాలకు పాలిష్ పెట్టడం వంటి మాటలు వద్దు. వాళ్ల పని వాళ్లదిగానే ఉండనీ.

నీ ప్రతిని దీనితో పాటే తిరిగి పంపుతున్నాను. గుర్తులు పెట్టినవి కాక చివరి పేజీలో ఒకటి మిగిలింది. దంపతులు వచ్చేసరికి టాపు కడగడం అప్పుడే పూర్తయిందనీ, వాళ్లు వెంటనే టాపు దించుకొని, గాలికి చీర కొంగు ఎగురుతుండగా పుత్తూరు వైపు వెళ్లిపోయారనీ రాశావు. తడి టాపు మడిస్తే బూజు పడుతుంది, మడతల దగ్గర ముడతలు నిలిచిపోతాయి. పెద్దాయన దాన్ని ఒప్పుకొని ఉండడు. వాళ్లను సాయంత్రం దాకా షెడ్డులో కూర్చోబెట్టు, ఆ వేళంతా ఏం మాట్లాడుకున్నారో రాయి.

ఇట్లు,
నీ మేలు కోరే పెద్దవాడు