ఇరవై శాతం పెరిగిందా, ఇరవై శాతానికి పెరిగిందా?

సందేహం: నమస్కారం మాస్టారూ. మా అబ్బాయి ఎనిమిదో తరగతి, తెలుగు మీడియం. శాతాల చాప్టర్ మొదలైనప్పట్నించి ఇంట్లో రోజూ గొడవే. "ఒక వస్తువు వెల 20 శాతం పెరిగిన, దాని ప్రస్తుత వెల 180 రూపాయలు అయిన, అసలు వెల ఎంత?" అని లెక్క ఇచ్చారు. వాడు 180లో 20 శాతం తీసేసి 144 అంటాడు, వెనక జవాబుల్లో 150 అని ఉంది. ఎందుకలా అంటే నాకు చెప్పడం రాలేదు. పైగా శాతం పెరిగింది, శాతానికి పెరిగింది అని టీవీలో రెండూ వాడేస్తుంటారు, రెండూ ఒకటేనా? మూడు రెట్లు పెరిగింది అంటే ఎంత శాతం పెరిగినట్టు? ఇంకోటి, మా మామగారు యాభై వేలు రెండు రూపాయల వడ్డీకి ఇచ్చానంటే మావాడు ఏడాదికి 2 శాతం వేసి వెయ్యి రూపాయలు వస్తుందన్నాడు, అందరూ నవ్వారు. వాడు చిన్నబుచ్చుకున్నాడు. (గుంటూరు నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: మీవాడి చేత గుణకారాలు భాగహారాలు ఎక్కువ చేయించకండమ్మా, అవి వాడికి వచ్చు. 180లో 20 శాతం 36 అని కట్టాడు, తీస్తే 144 అని కరెక్టుగా చెప్పాడు. తేడా కొట్టింది వాక్యం దగ్గర, అందులోనూ సగం తప్పు ఆ పుస్తకం రాసినవాళ్ళదే అంటాను.

ఆ "పెరిగిన" ఉంది చూశారూ, అది పాత గ్రాంథికం. "వానలు కురిసిన పంటలు పండును" అంటే కురిస్తే పండుతాయి అని. వ్యాకరణంలో దీన్ని చేదర్థకం అంటాం, మనం మాట్లాడేటప్పుడు "తే" పెట్టి చెప్పేది. మీవాడి నోట్లో చెవిలో ఎక్కడా ఈ రూపం లేదు, వాడికి "పెరిగిన" అంటే "ధర పెరిగిన కందిపప్పు", "బాగా పెరిగిన జుట్టు", అంటే విశేషణం. అందుకని వాడు "20 శాతం పెరిగిన దాని ప్రస్తుత వెల 180" అని ఒక్క ముక్కగా చదివేసుకున్నాడు, ఆ 20 శాతాన్ని పక్కనే కనపడ్డ 180కి తగిలించేశాడు. కామా ఉందిగా అంటారేమో, ఎనిమిదో తరగతి పిల్లాడు కామా చూస్తాడా చెప్పండి. అదే వాక్యం "ఒక వస్తువు ధర 20 శాతం పెరిగితే 180 అయ్యింది, పెరగకముందు ఎంత?" అని రాస్తే సగం మంది పిల్లలు తప్పు చెయ్యరు. ముందు ఎక్స్ అనుకుందాం, దాని మీద 20 శాతం కలిస్తే ఎక్స్‌లో నూటికి 120 వంతులు అవుతుంది, అది 180, కాబట్టి ఎక్స్ 150. అంతే. వాడి 144 తప్పని చూపించాలంటే ఇంకా తేలిక, 144 మీద 20 శాతం కలపమనండి, 172 రూపాయల 80 పైసలు వస్తుంది, 180 రాదు.

ఇక మీ అసలు ప్రశ్న. శాతం పెరగడం, శాతానికి పెరగడం ఒకటి కావు, అస్సలు కావు. విభక్తి లేకుండా అంకె ఊరికే వస్తే ఎంత మేర కదిలిందో చెప్తుంది, "కి" తగిలితే ఎక్కడికి చేరిందో చెప్తుంది, ఊరికి వెళ్ళాడు అన్నప్పటి "కి"యే ఇది. బయల్దేరిన చోటు చెప్పడానికి "నుంచి" ఉంది. 2025 జూన్‌లో రిజర్వ్ బ్యాంకు రెపో రేటుని, అంటే బ్యాంకులకి తనిచ్చే అప్పు మీద వడ్డీని, 6 నుంచి 5.5 శాతానికి తగ్గించింది. ఇది "5.5 శాతానికి తగ్గింది" అంటే రైటు, "అర శాతం తగ్గింది" అన్నా జనం వాడుకలో రైటే, "5.5 శాతం తగ్గింది" అన్నారంటే మాత్రం రేటు అర శాతానికి వచ్చేసిందని అర్థం! ఒక్క "కి" మింగేస్తే హోం లోన్ ఉన్నవాళ్ళు ఎగిరి గంతేస్తారు, తర్వాత ఈఎంఐ మెసేజ్ చూసి తిట్టుకుంటారు.

ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది, మీవాడి పుస్తకం ప్రకారం చేస్తే 6లో అర తగ్గింది కాబట్టి మార్పు అరని ఆరుతో భాగించి వందతో హెచ్చించాలి, 8.33 శాతం వస్తుంది, అదీ తప్పు కాదు. శాతంలో ఉన్నదే మళ్ళీ శాతంలో మారితే ఈ తిప్పలు తప్పవు. అందుకే బిజినెస్ పేజీల వాళ్ళు ఈ గోలంతా ఎందుకని "50 బేసిస్ పాయింట్లు తగ్గింది" అంటారు, వంద బేసిస్ పాయింట్లయితే ఒక శాతం. సామాన్యులకి రాసేటప్పుడు "6 నుంచి 5.5కి" అని రెండు అంకెలూ ఇచ్చేస్తే చాలు, ఏ గొడవా ఉండదు.

ఈ తేడా జనానికి ఎందుకు పట్టదంటే నాకు ఒక అనుమానం, "సగం" వల్ల. సగం తగ్గింది అన్నా సగానికి తగ్గింది అన్నా మిగిలేది సగమే. అక్కడ కుదిరింది కదా అని మిగతా చోట్ల కూడా వాడేస్తాం. పావు వంతు దగ్గరకి రండి తెలుస్తుంది. శ్రీశైలం ప్రాజెక్టు పూర్తి నిల్వ 215.8 టీఎంసీలు అనుకోండి, నిల్వ "పావు వంతు తగ్గింది" అంటే ఇంకా 162 దాకా ఉన్నట్టు, నిశ్చింతగా నారు పోసుకోవచ్చు. "పావు వంతుకు తగ్గింది" అంటే 54 మిగిలాయి, ఆ ఏడాది కాలవ మీద ఆశ పెట్టుకోవడం కష్టం. రాయలసీమ రైతుని అడగండి ఈ "కు" విలువ ఎంతో, పంతుళ్ళకన్నా బాగా చెప్తాడు.

సరే, ఎక్కడ మొదలైంది ఎక్కడికి చేరింది అన్నది విభక్తి చెప్తుంది, మరి దేని మీద శాతం కట్టాలి అన్నది ఎవరు చెప్తారు? అసలు లెక్కలన్నీ తప్పేది ఇక్కడే, ఎందుకంటే మనం మాట్లాడేటప్పుడు ఆ "దేని మీద" అన్న ముక్క చాలాసార్లు మింగేస్తాం. పెరగడం తరగడం వచ్చిన వాక్యాల్లో పాత అంకెనే వంద అనుకోవాలి, చెప్పినా చెప్పకపోయినా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 2001 లెక్కల్లో 7.62 కోట్లు, 2011కి 8.46 కోట్లు. పెరిగింది సుమారు 84 లక్షలు. దీన్ని 7.62తో భాగిస్తే 11 శాతం దగ్గరకొస్తుంది, సెన్సస్ వాళ్ళు చెప్పే పదేళ్ళ పెరుగుదల అదే. 8.46తో భాగిస్తే పదికి లోపే ఆగిపోతుంది, అది పెరుగుదల శాతం కాదు, కొత్త జనాభా"లో" ఈ కొత్తవాళ్ళ వాటా. "మీద"కీ "లో"కీ ఉన్న తేడా ఇంతే, 150 మీద 20 శాతం అంటే పైన కలిసేది, 180లో 20 శాతం అంటే లోపల ఉన్నది. మీవాడు లోపలున్నది తీశాడు, పైన కలిసింది తియ్యాల్సింది.

పోల్చే లెక్కలకి మాత్రం ఒక మంచి గుర్తు ఉంది, పిల్లలకి ఇది చెప్పండి: "కన్నా" ఎవరికి తగులుకుంటే వాళ్ళే వంద. "రాము కన్నా సోము జీతం 25 శాతం ఎక్కువ" అన్నా, తిరగేసి "సోము జీతం రాము కన్నా 25 శాతం ఎక్కువ" అన్నా, తెలుగులో మాటలు ఎటైనా జరుగుతాయి గానీ "కన్నా" రాముని వదిలి పోదు. కాబట్టి రాము 100, సోము 125. ఇప్పుడు "సోము కన్నా రాముకి ఎంత శాతం తక్కువ?" అన్నారంటే కన్నా సోముకి మారింది, వంద కూడా మారింది, 125లో 25 అంటే 20 శాతం. పోటీ పరీక్షల్లో ఈ లెక్క తిప్పి తిప్పి ఇస్తూనే ఉంటారు, పిల్లలు 25 అని టిక్ పెట్టి వస్తూనే ఉంటారు. "కంటే" అని రాసినా ఇదే సూత్రం.

పేపర్లలో కూడా ఈ "దేని మీద" చెప్పకపోవడం వల్ల జరిగేది చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 అయ్యింది, ఇంకేం, ఏసీల ధర 10 శాతం తగ్గుతుంది అనుకున్నారు చాలామంది. పన్ను లేని ధర వంద అనుకుంటే మనం షాపులో కట్టేది 128, ఇప్పుడు 118. తగ్గింది పది రూపాయలే, కానీ మన జేబులోంచి పోయేది 128 కదా, దాని మీద కడితే 7.8 శాతం. టూత్‌పేస్టు 18 నుంచి 5కి వచ్చింది, అక్కడ 118 కాస్తా 105 అవ్వాలి, 13 శాతం అనిపిస్తుంది గానీ 11 శాతమే. షాపువాడు మోసం చేశాడని కొట్లాటకి వెళ్ళేముందు ఈ లెక్క చూసుకోవాలి. ఈ విషయంలో గవర్నమెంటు ఉద్యోగుల వాడుక నాకు ముచ్చటేస్తుంది, వాళ్ళు డీఏ (కరువు భత్యం) 3 శాతం పెరిగింది అన్నా వెంటనే "బేసిక్ మీద", అంటే మూల వేతనం మీద, అని అంటారు. సెంట్రల్ వాళ్ళకి 55 నుంచి 58 అయినప్పుడు బేసిక్ ప్లస్ డీఏ 155 కాస్తా 158 అయ్యింది, అంటే చేతికొచ్చేదాంట్లో పెరుగుదల 2 శాతం కూడా లేదు, వాళ్ళకా సంగతి తెలుసు కాబట్టే "మీద" వదలరు.

"ధర 20 శాతం పెరిగి 20 శాతం తగ్గింది" అన్న లెక్క కూడా మీవాడి పుస్తకంలో వచ్చే తీరుతుంది. పిల్లలు మళ్ళీ మొదటికే వచ్చింది కదా అంటారు. "పెరిగి" అన్నది క్త్వార్థకం, ఆ పని అయిపోయాక రెండో పని మొదలైందని దానర్థం, స్నానం చేసి భోంచేశాడు అన్నట్టు. పెరగడం అయిపోయింది, వంద 120 అయి కూర్చుంది, తగ్గడం ఇక 120 మీదే, 24 పోతుంది, 96 మిగుల్తుంది. ఆషాఢం సేల్‌లో బట్టల షాపు ముందు "50 శాతం తగ్గింపు, అదనంగా 20 శాతం" అని బోర్డు పెడతారు, 70 శాతం అనుకుని లోపలికి వెళ్తాం. వెయ్యి రూపాయల చీర ఐదొందలై, ఆ ఐదొందల మీద ఇరవై శాతం పోయి నాలుగొందలకి వస్తుంది, మొత్తం తగ్గింది 60 శాతం. "అదనంగా" అన్నమాట దేని మీదో చెప్పదు, అదే వాళ్ళకి కావాల్సింది!

పుస్తకానికీ బజారుకీ పడని చోటు ఒకటి ఉంది, లాభశాతం. పుస్తకంలో లాభం ఎప్పుడూ కొన్నవెల మీదే కట్టాలి. కిరాణా కొట్టాయన్ని అడగండి, 80కి తెచ్చి 100కి అమ్మే సబ్బు మీద మార్జిన్ 20 శాతం అంటాడు, మీవాడు 25 శాతం అంటాడు. ఇద్దరూ కరెక్టే, కొట్టాయన అమ్మినవెల మీద కడుతున్నాడు, ఎందుకంటే రోజూ సాయంత్రం గల్లాలో చూసుకునేది అమ్మినవెలే. పరీక్షలో మాత్రం కొట్టాయన పద్ధతి పనికిరాదు.

రెట్ల విషయం క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే ఇందులో పండితులకే ఏకాభిప్రాయం లేదు. "మూడు రూపాయలు పెరిగింది" అంటే పాతదానికి మూడు రూపాయలు కలిసినట్టు, ఆ లెక్కన "మూడు రెట్లు పెరిగింది" అంటే పాతదానికి మూడు రెట్లు కలిసి నాలుగింతలు అవ్వాలి. కానీ మనలో ఎవరూ ఆ ఉద్దేశంతో అనరు, వంద రూపాయలది మూడొందలైతేనే మూడు రెట్లు పెరిగింది అంటాం. నేను వాడుక పక్షమే, మూడొందలు, అంటే పెరుగుదల 200 శాతం. రెట్టింపయ్యింది అంటే 100 శాతం పెరిగినట్టు, ఇందులో ఎవరికీ తేడా లేదు. కానీ ప్రశ్నపత్రం రాసేవాళ్ళు "మూడు రెట్లు పెరిగింది" అని రాయకూడదు, "మూడు రెట్లు అయ్యింది" అనో "మూడింతలయ్యింది" అనో రాయాలి. ఇక "మూడు రెట్లు తగ్గింది" అని కొందరు రాస్తున్నారు, అది నాకు బొత్తిగా నచ్చదు. ఒక రెట్టు తగ్గేసరికే సున్నా అయిపోతుంది, మిగతా రెండు రెట్లు ఎక్కడ తగ్గుతాయి? "మూడో వంతుకు తగ్గింది" అనండి, హాయిగా ఉంటుంది.

చివరికి మీ మామగారి వడ్డీ. పల్లెల్లో వడ్డీ మాట నోటితో చెప్పేటప్పుడు రెండు ముక్కలు ఎగిరిపోతాయి, "నూటికి" అన్నదీ "నెలకి" అన్నదీ. తెలంగాణలో రెండు రూపాల మిత్తి అన్నా ఇదే. కావాలంటే మీ మామగారి దగ్గర ఆ ప్రాంసరీ నోటు ఉంటుంది, తీసి మీవాడికి చూపించండి, "నూటికి నెల 1కి రూ. 2ల వడ్డీ చొప్పున" అని ఆ మింగేసిన రెండు ముక్కలూ అందులో రాసే ఉంటాయి. యాభై వేలకి నెలకి వెయ్యి, ఏడాదికి పన్నెండు వేలు, అంటే పుస్తకం భాషలో సంవత్సరానికి 24 శాతం. మీవాడు చెప్పిన వెయ్యి ఒక్క నెలది.