పదిహేను వేలలో సెకండ్ హ్యాండ్ హోమ్ థియేటర్: ఏం చూసి కొనాలి?

అన్నీ కలిపి డబ్బాలో వచ్చే పాత 5.1 సెట్ల (అయిదు స్పీకర్లు, బేస్ కోసం ఒక సబ్‌వూఫర్) జోలికి వెళ్లకండి. వాటి స్పీకర్లకు చాలాసార్లు సొంత పిన్నులు ఉంటాయి, ఒకటి పోతే మొత్తం మూలనపడుతుంది. విడి ఏవీ రిసీవర్ (టీవీ, ప్లేయర్ల ఆడియో తీసుకుని స్పీకర్లను నడిపే యాంప్లిఫయర్), రెండు మంచి స్పీకర్లతో మొదలుపెట్టండి. సెంటర్ (మాటలు వినిపించే మధ్య స్పీకర్), సబ్‌వూఫర్ తర్వాత చూసుకోవచ్చు.

రిసీవర్ 4కేకి పనికిరాదని టెన్షన్ వద్దు. స్ట్రీమింగ్ స్టిక్‌ని నేరుగా టీవీకి పెట్టి, ఆడియోని ఆప్టికల్ వైరుతో రిసీవర్‌కి ఇస్తే చాలా టీవీల్లో డాల్బీ డిజిటల్ 5.1 వస్తుంది. అట్మాస్ (పైనుంచి కూడా శబ్దం వచ్చినట్టు వినిపించే డాల్బీ పద్ధతి) మాత్రం రాదు. ఈ బడ్జెట్‌లో అది లేకపోయినా నష్టం లేదు.

కొనేముందు వెనక లేబుల్ చదవండి. అమెరికా నుంచి తెచ్చినదైతే 120 వోల్టులే ఉంటుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన 230కి పెడితే అంతే సంగతులు. స్పీకర్ జాలీ తీసి కోను చుట్టూ ఉన్న అంచును వేలితో తాకండి. ఫోమ్ అయితే ఏళ్లు గడిచేకొద్దీ పొడిపొడిగా రాలుతుంది, రబ్బరు ఎక్కువకాలం ఆగుతుంది. వాల్యూమ్ తిప్పితే గరగర వస్తే చాలావరకు దుమ్మే, కాంటాక్ట్ క్లీనర్‌తో పోతుంది. ఆ వంకతో బేరమాడొచ్చు కూడా! ఒక ఛానెల్ (ఒక స్పీకర్‌కి వెళ్లే లైను) అసలు పలకకపోతే మాత్రం వదిలేయండి. మీ పాటలే పెట్టి, అరగంట మోగించి, వేడి చూశాకే డబ్బులివ్వండి.