పాడింది నేను కాదండీ

"2014లో ఐర్లండ్ ఫుట్‌బాల్ సంఘం అధిపతి జాన్ డెలానీ ఒక పబ్బులో బ్రిటిష్‌వాళ్ల మీద తిరుగుబాటు పాట పాడితే అంత రభస ఎందుకయింది? తమ దేశపు పాట తాము పాడుకోవడంలో తప్పేముంది?" అని ఎవరో అడిగారు.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత నాకున్నంతగా ఇక్కడ మరొకరికి ఉండదని ధీమాగా చెప్పగలను. ఆ రభస జరిగిన నెలలోపే, అదే డబ్లిన్‌లో, అదే పాట పాడి, పట్టుబడి, అచ్చం ఆయన పక్షంలాగే "అది నేను కాదు" అని బొంకిన సూర్యాపేటవాడిని నేను. ఆయన జీతం అప్పట్లో ఏడాదికి 3,60,000 యూరోలు, దేశ ప్రధాని జీతం కంటే ఎక్కువ. నా జీతం అందులో పదో వంతు. బొంకు మాత్రం సరిసమానం.

అసలు విషయానికి ముందు ఒక మాట. ఐర్లండ్ ఇంగ్లండ్‌లో లేదు. నాకు సంబంధాలు చూసేటప్పుడు పెళ్లిళ్ల పేరయ్య "అబ్బాయి ఇంగ్లండ్‌లో ఉంటాడు" అని ఊరంతా చాటాడు. డబ్లిన్ వేరే దేశమని, 1922 నుంచి వేరుగానే ఉందని నేను మొత్తుకుంటే "ఇంగ్లీషే కదా మాట్లాడేది, ఏదైతేనేమి" అన్నాడు. ఆ మాట ఒక్కసారి డబ్లిన్‌లో పైకి అని చూడండి, మీ ప్రశ్నలో సగానికి జవాబు అక్కడే దొరుకుతుంది.

ఇక జరిగింది ఇది. 2014 నవంబరు 18న డబ్లిన్‌లో ఐర్లండ్, అమెరికా జట్లు స్నేహపూర్వక మ్యాచ్ ఆడాయి. ఐర్లండ్ 4-1తో గెలిచింది. ఆ రాత్రి స్టేడియం దగ్గరి పబ్బులో డెలానీ జో మెక్‌డానెల్ మీద కట్టిన పాట అందుకున్నాడు. పక్కనున్నవారు ఫోనులో తీశారు. కొద్ది రోజుల్లోనే వీడియో ఊరంతా తిరిగింది. పత్రికలు ఆరా తీస్తే, ఆయన తరఫు లాయర్లు "అది ఆయన కాదు" అన్నారు. ఆ మాట నిలవలేదు. చివరికి ఆయనే రేడియోలోకి వచ్చి, పాడింది తానేనని, హింసను తాను సమర్థించనని, ఎవరి మనసైనా నొచ్చుకుంటే క్షమించమని చెప్పుకున్నాడు.

మెక్‌డానెల్ ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ మనిషి. బ్రిటన్ కిందే మిగిలిన ఆ ఉత్తర భాగాన్ని ఐర్లండ్‌లో కలపాలని ఆయుధాలు పట్టిన ఐఆర్ఏ దళంలో సభ్యుడు. 1976లో ఒక ఫర్నిచర్ కంపెనీ మీద జరిగిన బాంబు దాడి తర్వాత తోటి సభ్యుడు బాబీ శాండ్స్‌తోపాటు పట్టుబడ్డాడు. తుపాకి ఉన్నందుకు 14 ఏళ్ల శిక్ష పడింది. తమను మామూలు నేరస్థులుగా కాక రాజకీయ ఖైదీలుగా చూడాలని 1981లో జైల్లో నిరాహార దీక్షకు కూర్చున్నవారిలో అతనూ ఒకడు. 61 రోజులు పస్తుండి జూలై 8న చనిపోయాడు. అలా వరసగా పదిమంది పోయారు. బ్రిటన్ ప్రధాని థాచర్ ప్రభుత్వం దిగిరాలేదు. పస్తుండి ప్రాణం వదలడమంటే ఏమిటో తెలుగువాడికి విడమరచి చెప్పనక్కరలేదు. పొట్టి శ్రీరాములు గారిది 58 రోజులు. కానీ పోలిక అక్కడితో సరి. శ్రీరాములు గారి చేతిలో ఎన్నడూ తుపాకి లేదు.

ఈ సందర్భంలో మన వి.వి. గిరి గారిని తలుచుకోకుండా ఉండలేను. బరంపురం తెలుగాయన. 1913లో డబ్లిన్‌కు లా చదవడానికి వచ్చి, ఇక్కడి తిరుగుబాటుదారులతో స్నేహం చేసి, 1916లో బ్రిటిష్‌వాళ్ల మీద జరిగిన ఈస్టర్ తిరుగుబాటు తర్వాత దేశం విడిచి వెళ్లాల్సి వచ్చింది. తర్వాత భారత రాష్ట్రపతి అయ్యాడు. డబ్లిన్‌లో తెలుగువాళ్లు ఇన్ని వేలమంది ఉన్నారు, ఉగాదికి మైకు పట్టుకుని గంటలు గంటలు మాట్లాడతారు, ఒక్కరూ ఆయన పేరెత్తగా నేను వినలేదు. ఆ సభల్లో పులిహోర మాత్రం బాగుంటుంది.

సరే, డిసెంబరు వచ్చింది. ఆ నెలలో డబ్లిన్‌లో డెలానీ మీద జోకు వేయని మనిషి లేడు. మా ఆఫీసు క్రిస్మస్ విందు జరిగింది. శాకాహారులకు ప్రతి ఏడూ పుట్టగొడుగుల రిసొట్టోనే పెడతారు. అన్నం మెత్తబడి అడుగంటబోతుంటే మా అమ్మ కంగారుగా దించేస్తుంది. వీళ్లు ఆ దశలో దించి పేరు పెట్టి వడ్డిస్తారు. అది సగం తిని, మిగతా సగం పళ్లెంలో అటూ ఇటూ జరిపి, అందరితోపాటు పబ్బుకు వెళ్లాను.

ఐరిష్‌వాళ్లకు నోబుల్ కాల్ అని ఒక ఆచారం ఉంది. పాట పాడినవాడికి, తర్వాత ఎవరు పాడాలో చెప్పే హక్కు వస్తుంది. పిలుపు వస్తే తప్పించుకోవడం మర్యాద కాదు. గొంతు బాగా లేదంటే ఊరుకోరు, ఎవరి గొంతూ బాగుండదు కనుక. కెర్రీ జిల్లా నుంచి వచ్చిన మా టెస్టింగ్ కుర్రాడు ఏదో సముద్రం పాట ముగించి వేలు నావైపు చూపించాడు. నాకు మొదటి నుంచి చివరి వరకు వచ్చిన ఇంగ్లీషు పాట ఆ రోజుకు ఒక్కటే. వార్తల పుణ్యమా అని డెలానీ వీడియో చూసి చూసి, అసలు పాట వెతికి విని విని నోటికి వచ్చేసింది. గ్లాసు పైకెత్తి అందుకున్నాను. మూడో చరణానికి పబ్బంతా గొంతు కలిపింది. బడిలో ప్రార్థన వరసలోంచి కూడా నన్ను పక్కకు నిలబెట్టేవారు. నా పాటకు చప్పట్లు పడటం జీవితంలో అదే మొదలు.

సోమవారం ఉదయం మా టీమ్ లీడర్ చిన్న గదిలోకి రమ్మంది. ఆమెది ఉత్తరాన టైరోన్ జిల్లా. విందుకు వచ్చింది కానీ పబ్బుకు రాలేదు. ఫోను బల్ల మీద పెట్టి ఒక వీడియో చూపించింది. అర నిమిషం కూడా లేదు.

"ఇది నువ్వేనా?"

"కాదు" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. ఆ రాత్రి ఆ పబ్బులో తెలుగువాడి మాట అటుంచి, మన రంగు మనిషే నేను తప్ప మరొకడు లేడు. మీసం ఉన్నవాడూ మరొకడు లేడు. వీడియోలో నా ఒంటి మీద ఎర్ర స్వెట్టరు, దాని మీద క్రిస్మస్ దుప్పి బొమ్మ. మా ఆవిడ పెన్నీస్ దుకాణంలో ముచ్చటపడి కొన్నది. పండగ నెల కదా అని సోమవారం కూడా అదే స్వెట్టరు వేసుకుని వెళ్లాను. ఆమె ఫోనులోని దుప్పిని చూసింది, నా పొట్ట మీది దుప్పిని చూసింది. నేను గబుక్కున చేయి అడ్డం పెట్టుకున్నాను. ఆ దుప్పి ముక్కు నొక్కితే వెలుగుతుంది. వెలిగింది.

ఆమె చాలాసేపు నవ్వింది. నేనూ నవ్వాను, గండం గడిచిందనుకుని. నవ్వు ఆగాక ఆమె తన తండ్రి సంగతి చెప్పింది. పగలు ఏదో ఉద్యోగం, మిగతా వేళల్లో పోలీసు రిజర్వులో పని. 1980లలో ఉత్తర ఐర్లండ్‌లో ఆ యూనిఫారం వేసుకున్నవాళ్లను ఐఆర్ఏ ఇంటి దగ్గరే కాల్చేది, లేదా కారు కింద బాంబు అమర్చేది. అందుకని ఆయన రోజూ ఉదయం వాకిట్లో మోకాళ్ల మీద కూర్చుని, టార్చితో కారు కిందంతా వెతికేవాడట. ఇంజిను మొదలయ్యేదాకా పిల్లలు గుమ్మం దాటకూడదు. చప్పుడు సరిగ్గా వినిపించాకే బడిసంచులు తగిలించుకుని పరుగెత్తేవాళ్లట. ఆయనకేమీ కాలేదు. ఎనభయ్యో ఏట గుండెపోటుతో మంచం మీదే పోయాడు. కానీ 1998లో శాంతి ఒప్పందం అయ్యాక కూడా, కారెక్కే ముందు ఒకసారి వంగి చూసే అలవాటు ఆయనను వదల్లేదట.

"ఆ పాట నాకు కొత్త కాదు. పెళ్లిళ్లలో వింటాను, లేచి మంచినీళ్లకు వెళ్తాను. నీకేం తెలుసని నీ మీద కోపం? కానీ ఇప్పుడు నా ముఖం చూస్తూ కాదన్నావు చూడు..." అని ఆపేసి, ల్యాప్‌టాప్ తీసుకుని వెళ్లిపోయింది. మధ్యాహ్నం నేను వెళ్లి క్షమాపణ చెబితే "స్వెట్టరు బాగుంది" అంది.

తప్పేముందని కదా అడిగారు. మిత్రులు తరచూ ఒక వాదన తెస్తారు: మనం అల్లూరి సీతారామరాజు పాటలు పాడుకుంటే బ్రిటిష్‌వాళ్లు బాధపడుతున్నారా అని. బాధపడటానికి వాళ్లిక్కడ లేరు కదా. 1947లో మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయారు. ఐర్లండ్‌లో ఎవరూ ఎక్కడికీ వెళ్లలేదు. ఉత్తరాన ముప్పై ఏళ్ల కొట్లాటలో మూడున్నర వేలమంది చనిపోయారు. చంపినవాళ్లు, చచ్చినవాళ్ల పిల్లలు అవే వీధుల్లో ఉంటున్నారు, అదే సూపర్‌మార్కెట్‌లో పాలు కొంటున్నారు. అలాగని మా కెర్రీ కుర్రాడిని అడగండి, "అన్నం మానేసి చనిపోయినవాడి మీద పాట అది, ఎందుకు పాడకూడదు" అంటాడు. అతని మాటా నిజమే. నేను టెస్టింగ్ కుర్రాడినో డెవలపర్నో అయితే పాడతాను, పాడాను కూడా. కానీ డెలానీ ఎవరు? మరో ఏడు నెలల్లో ఇంగ్లండ్ జట్టును డబ్లిన్‌కు అతిథిగా పిలిచిన సంఘానికి పెద్ద.

ఆ పిలుపు కూడా అలాంటిలాంటిది కాదు. అంతకుముందు ఇంగ్లండ్ డబ్లిన్‌లో ఆడింది 1995 ఫిబ్రవరిలో. ఐర్లండ్ ఒక గోలు ఆధిక్యంలో ఉండగా ఇంగ్లండ్ అభిమానులు కుర్చీలు విరిచి కింది వరసల మీదికి విసిరారు. 27 నిమిషాలకే ఆట ఆగిపోయింది. మళ్లీ రమ్మనడానికి ఇరవై ఏళ్లు పట్టింది. పైగా డెలానీ పాడిన ఆ నవంబరు 18నే గ్లాస్గోలో స్కాట్లండ్, ఇంగ్లండ్ మ్యాచ్. అక్కడ ఇంగ్లండ్ అభిమానులు ఐఆర్ఏను బూతులు తిడుతూ పాడారు. ఒకే రాత్రి, రెండు ఊళ్లు, రెండు వైపుల పాటలు. "మీవాళ్ల నోరు అదుపులో పెట్టుకోండి" అని చెప్పాల్సిన పెద్దమనిషి తానే పబ్బులో గొంతెత్తితే ఇక చెప్పేదేముంది?

అయినా పాటను జనం మరిచిపోయేవారు. లాయర్లను మరిచిపోలేదు. నాకు ఆ రోజే అనిపించింది, ఈయన సంఘం లెక్కలు కూడా ఎప్పటికైనా ఇలాగే బయటపడతాయని. మా ఆవిడ సాక్షి. (ఆమెకు గుర్తు లేదంటోంది.) 2017లో ఆయనే సంఘానికి లక్ష యూరోలు అప్పిచ్చిన సంగతి 2019 మార్చిలో పత్రికకెక్కబోతే, అడ్డుకోవడానికి కోర్టుకు వెళ్లి ఓడిపోయాడు. ఆ నెలలోనే జార్జియాతో మ్యాచ్ జరుగుతుండగా అభిమానులు నిరసనగా మైదానంలోకి టెన్నిస్ బంతులు విసిరారు. సెప్టెంబరుకల్లా ఆయన సంఘం వదిలి వెళ్లాడు. సంఘం అప్పుల్లో మునిగి, ప్రభుత్వం ఆదుకుంటే తప్ప బతకలేదు. ఇదంతా పాటతో సంబంధం లేని విషయమంటారా? ఉందనే నేనంటాను.

2022 అక్టోబరులో ఐర్లండ్ మహిళల జట్టు స్కాట్లండ్‌ను ఓడించి మొదటిసారి ప్రపంచ కప్పుకు వెళ్లింది. ఆ సంబరంలో డ్రెస్సింగ్ రూములో ఐఆర్ఏను కీర్తించే ఒక పాదం పాడి వీడియోకు దొరికిపోయారు. వాళ్లు లాయర్లను పిలవలేదు. వెంటనే క్షమాపణ చెప్పారు, కోచ్ కూడా చెప్పింది. యూరప్ ఫుట్‌బాల్ సంఘాల సమాఖ్య యూఈఎఫ్ఏ 20,000 యూరోల జరిమానా వేసింది, సంఘం కట్టింది. అంతటితో సరి. చిత్రమేమిటంటే ఆ పాటా, డెలానీ పాడిన పాటా రెండూ కట్టింది ఒక్కడే, వుల్ఫ్ టోన్స్ అనే ఐరిష్ పాటల బృందంలోని బ్రయన్ వార్‌ఫీల్డ్.

నా కథ ఇంకొంచెం మిగిలింది. 2015 జూన్‌లో ఇంగ్లండ్ మ్యాచ్ 0-0తో చప్పగా, ప్రశాంతంగా ముగిసింది. ఆ వేసవిలోనే కెర్రీ కుర్రాడు ఉద్యోగం మానేస్తుంటే వీడ్కోలుకు అందరం పబ్బులో చేరాం. ఈసారి టీమ్ లీడర్ కూడా వచ్చింది. నోబుల్ కాల్ తిరిగి తిరిగి నా దగ్గరికి వచ్చింది. "మీ భాషలో పాడు" అంది ఆమె, బల్లకు అటువైపు నుంచి.

కళ్లంలో వడ్లు తూర్పారబడుతూ మా తాత పాడే పాట ఒక్కటే గుర్తొచ్చింది. బండి యాదగిరి కట్టిన పాట. గోలకొండ ఖిల్లా కింద నైజాముకు గోరీ కడతామనే పాట. పాడాను. భాష రాకపోయినా అందరూ బల్ల మీద దరువు వేశారు, ఆమె అందరికంటే గట్టిగా వేసింది. అయిపోయాక అడిగింది.

"చాలా బాగుంది. దేని గురించి?"

ఆమె ముఖం చూశాను.

"ఎడ్లబండ్ల గురించి" అన్నాను.

"ఎన్ని బండ్లు?"

"పదహారు."