టెక్ సందేహాలు: గేమ్ లేటయితే దొంగలకే పండగ

ప్రశ్న: మా అబ్బాయి టీవీకి పెట్టి ఆడుకునే గేమ్ కన్సోల్ సరిగ్గా అమ్ముడుపోవడం లేదట. ఆ కంపెనీ తన గేమ్స్‌ను పోటీ కన్సోళ్లకూ, ఫోన్లకూ ఇచ్చేయడం మంచిదంటున్నారు. ఇవ్వాలంటారా? ఇస్తే మేం కొన్నది వృథాయేనా?

జవాబు: ఏ కన్సోల్ అమ్మకాలు తగ్గినా నాకు ఈ ఉత్తరమే వస్తుంది. సెగా కంపెనీ 2001 జనవరిలో తన కన్సోల్ డ్రీమ్‌కాస్ట్ తయారీ ఆపేస్తామని ప్రకటించి, ఆ ఏడాది చివరికల్లా తన పేరున్న గేమ్ సోనిక్‌ను పోటీ కంపెనీ నింటెండో మెషీన్లకు ఇచ్చేసింది. కంపెనీ నిలబడింది. మళ్లీ పెద్ద కన్సోల్ మాత్రం చేయలేదు.

నింటెండో సంగతి వేరు. వీ కన్సోల్ పది కోట్లకు పైగా అమ్ముడైతే, 2012లో వచ్చిన వీ యూ కోటీ 36 లక్షల దగ్గరే ఆగింది. ఇది కొత్త కన్సోలా, పాతదానికి తగిలించుకునే స్క్రీనా అన్నది కూడా చాలామందికి తెలియలేదు. పేరు పెట్టినవాళ్లనే అడగాలి! నింటెండో పెద్ద గేమ్ మారియోను ఫోన్లకు ఇచ్చేయమని అప్పుడూ సలహాలు కురిశాయి. కానీ వీ యూలో 85 లక్షలు కూడా దాటని మారియో కార్ట్ 8, 2017లో నింటెండో తర్వాతి కన్సోల్ స్విచ్‌కి మారాక ఆరు కోట్లు దాటింది. లోపం డబ్బాది, ఆటది కాదు. అలాంటప్పుడు డబ్బా మార్చాలి. మార్చడానికి డబ్బు లేకపోతే సెగా దారే.

నాకు ఒళ్లు మండేది సగం సగం పనులకు. సూపర్ మారియో రన్ 2016 డిసెంబర్‌లో ఐఫోన్‌కి వచ్చింది. ఆండ్రాయిడ్‌కి 2017 మార్చిలో గానీ రాలేదు. ఆ మధ్యలో అదే పేరుతో ఏపీకే ఫైళ్లు (ప్లే స్టోర్ బయట దొరికే ఆండ్రాయిడ్ యాప్ ఫైళ్లు) తిరిగాయి. లోపల ఉన్నది మార్చర్ అనే ట్రోజన్, అంటే మంచి యాప్ వేషంలో వచ్చే దొంగ ప్రోగ్రామ్. ఇన్‌స్టాల్ చేయగానే డివైస్ అడ్మిన్ అనుమతి, అంటే ఫోన్‌పై పెత్తనం, అడుగుతుంది. ఆ తర్వాత బ్యాంకు యాప్ తెరిస్తే పైన నకిలీ లాగిన్ పేజీ, ప్లే స్టోర్ తెరిస్తే కార్డు నంబరు అడిగే పేజీ. అంతకు కొన్ని నెలల ముందే పోకెమాన్ గో అనే ఫోన్ గేమ్‌కీ ఇదే జరిగింది. కొన్ని దేశాల్లోనే విడుదల చేస్తే, మిగతాచోట్ల ఆగలేనివాళ్ల కోసం ఫోన్‌ను దూరం నుంచి ఆడించే డ్రాయిడ్‌జాక్ అనే దొంగ ప్రోగ్రామ్ కలిపిన కాపీ తయారైంది. ఎక్కడికి ఇచ్చినా అన్నిచోట్లా ఒకే రోజు ఇవ్వాలి. లేదా ఇవ్వడమే మానాలి.

మనవాళ్లేమైనా తక్కువా? ‘తెలియని యాప్‌లు’ అని ఫోనే హెచ్చరిస్తున్నా ‘అలో’ (అనుమతించు) బటన్ నొక్కేస్తారు. టెలిగ్రామ్‌లో ఎవరో పంపిన ఫైలు, అదీ యూపీఐ ఉన్న ఫోన్‌లో!

ఇక మీ కన్సోల్. డిస్కులుంటే దిగులు లేదు. డిజిటల్‌గా కొన్నవైతే ఇప్పుడే డౌన్‌లోడ్ చేసి ఉంచండి. వీ యూ స్టోర్‌లో అమ్మకాలు 2023 మార్చిలోనే ఆపేశారు.

మీవాడు ఏపీకే ఏదైనా వేసి ఉంటే, సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్ జాబితా నుంచి ముందు దాన్ని తీసేసి, ఆపైన అన్‌ఇన్‌స్టాల్ చేయండి. పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.