నీతి కథలు నిత్యజీవితంలో నిజంగా పనికొస్తాయా?

పనికొస్తాయి. పనికిరానిదల్లా కథ అయ్యాక కింద లావుపాటి అక్షరాల్లో వేసే "నీతి" అన్న ఆ ఒక్క లైనే. నా చేతిలో ఉంటే పిల్లల పుస్తకాలన్నిటిలోంచీ దాన్ని కొట్టేయిస్తాను.

మా అమ్మాయి రెండో తరగతిలో ఉన్నప్పుడు కథ చెప్పందే పడుకునేది కాదు. ఒకరోజు "నాన్నా పులి" కథ చెప్పాను. మర్నాడు కోతి, మొసలి కథ. స్నేహంగా కోతిని వీపు మీద ఎక్కించుకున్న మొసలి, నడి నీళ్ళలోకి వెళ్ళాక "మా ఆవిడ నీ గుండెకాయ తింటానంటోంది" అని బయటపెడుతుంది. "ముందే చెప్పొద్దూ! గుండెకాయ చెట్టు మీదే పెట్టి వచ్చాను, వెనక్కి పద" అంటుంది కోతి. ఒడ్డు రాగానే ఒక్క గెంతు. ఇక్కడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"అంటే కోతి అబద్ధం చెప్పిందా?"

"అవును."

"మరి నిన్న అబద్ధం చెప్పిన అబ్బాయిని ఎవరూ కాపాడలేదుగా?"

చాలా పొద్దుపోయింది, పడుకోమన్నాను.

కొన్నాళ్ళకు ఒక ఆదివారం ఫోన్ మోగితే తనే ఎత్తింది. అవతల ఉన్నది పాత బాకీ తీర్చకుండానే కొత్తగా చేబదులు అడిగే మనిషి. నేను లేనని చెయ్యి అడ్డంగా ఊపాను. "నాన్న ఇంట్లో లేరండీ" అని చక్కగా చెప్పి పెట్టేసి, నా వైపు తిరిగి, "నాన్నా, ఆయన మొసలా?" అంది.

ఇంట్లో వాళ్ళు పడీ పడీ నవ్వారు. నాకు మాత్రం ముచ్చటేసింది. అంత చిన్న పిల్ల రెండు కథలూ పక్కపక్కన పెట్టుకుని, అబద్ధం ఎవరితో చెప్పారు, ఎందుకు చెప్పారు అని చూస్తోంది. అబద్ధమాడరాదు అని వందసార్లు కాపీ రాయించినా ఈ ఆలోచన రాదు. నువ్వే చెప్పు, మొసలేనా అన్నాను. కాసేపు ఆలోచించి, "కాదు. నువ్వు నీళ్ళలో లేవుగా, డబ్బుల్లేవని చెప్పొచ్చుగా" అంది. దీనికి మాత్రం నేను ఒప్పుకోను. ఆ మనిషితో అరగంట ఫోన్లో మాట్లాడితే తెలుస్తుంది, ఎవరు నీళ్ళలో ఉన్నారో.

ఆ ఏడే బడిలో పరీక్షకు ఇదే కథ వచ్చింది. నీతి ఏమిటని అడిగితే "చెట్టు దిగే ముందు ఎక్కడికో అడగాలి" అని రాసింది. సున్నా వేశారు. ఆపదలో ధైర్యం కోల్పోరాదు అని రాయాలట! కథ మొత్తంలో నిజంగా పనికొచ్చే జాగ్రత్త పిల్ల రాసిందే. గైడులో లేదు కాబట్టి తప్పయింది.

ఇప్పుడొచ్చే వీడియోలైతే మరీ అన్యాయం. తోడేలు చివర్లో సారీ చెబుతుంది. నోరు తెరిచిన తాబేలు ఆకాశం నుంచి పడి కూడా లేచి దులుపుకుని వెళ్ళిపోతుంది. ఇక ఆ కథ ఎందుకు చెప్పినట్టు?

ఈ కథలు పుట్టింది బుద్ధిమంతుల్ని తయారుచేయడానికని చాలామంది అనుకుంటారు. పంచతంత్రంలో విష్ణుశర్మ ఒప్పుకున్న పని వేరు. చదువు ఒంటబట్టని ముగ్గురు రాజకుమారులకు ఆరు నెలల్లో రాజనీతి నేర్పడం. అంటే ఎవరిని నమ్మాలి, ఎవరితో చేతులు కలపాలి, ఎప్పుడు తప్పుకోవాలి. మొదటి తంత్రమే, అదే మొదటి భాగమే, చూడండి. పింగళకుడనే సింహానికీ, సంజీవకుడనే ఎద్దుకూ మంచి స్నేహం. దమనకుడనే నక్క ఇద్దరికీ చెరో మాట చెప్పి విడదీస్తుంది. సింహం ఎద్దును చంపేస్తుంది. నక్కకు శిక్షేమీ లేదు, దర్జాగా మంత్రిగా ఉంటుంది. 8వ శతాబ్దంలో ఇబ్న్ అల్ ముకఫ్ఫా అనే రచయిత ఈ కథల్ని అరబిక్‌లోకి తెచ్చినప్పుడు, ఆ నక్కను పట్టుకుని విచారణ జరిపి శిక్షించే అధ్యాయం ఒకటి అదనంగా వచ్చి చేరింది. చెడ్డవాడు గెలిస్తే ఎలా అన్న కంగారు అప్పటినుంచీ ఉందన్నమాట. నా ఓటు మాత్రం విచారణ లేని పాత కథకే. శిక్ష పడితే చదివేవాడికి హాయిగా నిద్రపడుతుంది. పడకపోతే "సింహం ఎద్దునే నేరుగా ఒక్క మాట అడిగి ఉండొచ్చు కదా" అని మనసులో పీకుతూనే ఉంటుంది.

మీరు అడిగింది పిల్లల గురించేమో, నాకు తెలియదు. పెద్దవాళ్ళ కోసమైతే ఆఫీసులో కొత్తగా మేనేజర్ అయినవాళ్ళకి నేను చెప్పేది ఇదొక్కటే: ఆ మొదటి తంత్రం ఒకసారి తీరిగ్గా చదవండి. మీ దగ్గరికొచ్చి "మీ మంచి కోరే చెబుతున్నా సార్" అని మొదలుపెట్టేవాళ్ళు ఈపాటికే ఇద్దరు ముగ్గురు తయారై ఉంటారు.