బూజు దులపకండి, ముందు నీళ్లు వెతకండి

విదేశంలో కొత్తగా కాపురం పెట్టినవారు గోడ మీద బూజు కనబడగానే చీపురో పొడిబట్టో అందుకుంటారు. ఈ పొరపాటులో సగం మన మాటదే. మనకు మూలన వేలాడే సాలెగూడూ బూజే, తడిసిన గోడ మీద పెరిగే ఫంగసూ బూజే. మొదటిది దులిపితే పోతుంది. రెండోదాన్ని దులిపితే కంటికి కనబడని స్పోర్లు (బూజుకు విత్తనాల్లాంటివి) గాలిలోకి లేచి ఇల్లంతా తిరుగుతాయి, ఎక్కడ చెమ్మ దొరికితే అక్కడ మళ్లీ మొలుస్తాయి. స్పోర్లు ప్రతి ఇంటి గాలిలోనూ ఉంటాయి, వాటిని పూర్తిగా లేకుండా చేయడం ఎవరి తరమూ కాదు. మన చేతిలో ఉన్నది నీళ్లను ఆపడమే.

మచ్చ ఎక్కడుందో చూస్తే నీళ్లెక్కడివో చాలావరకు తెలిసిపోతుంది. బయటి గోడ మూలల్లో, మంచం వెనక, బట్టల అల్మారా లోపల చుక్కలు చుక్కలుగా ఉంటే అది ఇంటి గాలిలోని ఆవిరే. సీలింగ్ మీద గోధుమరంగు అంచుతో వలయంలా ఉంటే పైనుంచి కారుతోంది: పై అంతస్తు బాత్రూమ్ కావచ్చు, కప్పు కావచ్చు. కిటికీ చట్రం కింద ఉంటే కొన్నాళ్లు గమనించాలి. వాన పడ్డాక మరక ముదిరితే బయటి నీరు, చలి ముదిరినప్పుడు పెరిగితే లోపలి ఆవిరి. బేస్‌మెంట్ కాంక్రీటు గోడ మీద తెల్లగా పొడిలా కనబడేది ఒక్కోసారి బూజు కానే కాదు, గోడలోంచి వచ్చిన నీరు ఆరిపోతూ వదిలిన ఉప్పు. నాలుగు చుక్కల నీళ్లు వేస్తే కరుగుతుంది, బూజు కరగదు. నేల చెమ్మ కిందనుంచి వస్తోందో గాలినుంచి వస్తోందో తేలకపోతే అర మీటరు చదరం పాలిథిన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో అంటించి ఒకరోజు వదలండి. షీటు అడుగున తడి ఉంటే నేలది, పైన ఉంటే గాలిది. గోడలో పైపు కారుతోందన్న అనుమానం ఉంటే కొళాయిలన్నీ కట్టేసి, నీళ్ల మీటరు అంకె రాసుకుని, రెండు గంటల తర్వాత మళ్లీ చూడాలి.

చలిదేశాల్లో ఎక్కువమందిని ముంచేది ఆవిరే. దాని లెక్క తెలుసుకుంటే మేలు. గది 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర, గాలిలో తేమ 60 శాతం ఉందనుకోండి. చల్లబడ్డ గాలి తక్కువ ఆవిరినే మోయగలదు గనుక, అదే గాలి 15 డిగ్రీలున్న గోడ మూలను తాకేసరికి అక్కడ తేమ 80 శాతం దాటుతుంది. బూజుకు ఆ మాత్రం చాలు, గోడ మీద నీటిబొట్టు కనబడనక్కర్లేదు. అందుకే గాలిలో తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ ఒకటి కొని పడకగదిలో పెట్టుకోవాలి. 60 శాతం దాటనివ్వకూడదు, 30 నుంచి 50 మధ్య ఉంటే మంచిది. గడ్డకట్టే చలిలో, ఒంటి అద్దం కిటికీలున్న ఇంట్లో 50 కూడా ఎక్కువే.

కొత్తవారి ఇళ్లలో తరచూ కనబడే కారణాలు ఇంకా మామూలువి. మంచం కొనేదాకా పరుపు నేలమీదే వేసి, రోజూ ఎత్తకపోవడం: ఒంటి చెమట పరుపు అడుగున చల్లటి నేల దగ్గర చేరి అక్కడే ఆగిపోతుంది. సూట్‌కేసులు బయటి గోడకు ఆనించి అల్మారాలో కుక్కడం. తడి బట్టలు గదిలోనే ఆరేసి తలుపు మూయడం. కరెంటు కలిసొస్తుందని బాత్రూమ్ ఫ్యాన్ ఆపడం. సామాను బయటి గోడకు పది సెంటీమీటర్లు ఎడంగా పెట్టండి. ఫ్యాన్ స్నానమయ్యాక మరో 20–30 నిమిషాలు తిరగాలి. అది పనిచేస్తోందో లేదో టిష్యూ కాగితం జాలీకి ఆనిస్తే తెలుస్తుంది, అంటుకుని నిలబడాలి. నిలబడినా, కొన్ని ఇళ్లలో దాని గొట్టం బయటికి కాక అటక మీదికి తెరుచుకుని ఉంటుంది, అప్పుడు బూజు అక్కడ పెరుగుతుంది. నెల రోజులు ఊరెళ్లేటప్పుడు హీటర్‌గానీ ఏసీగానీ పూర్తిగా ఆపేయకండి. చలిలో పైపులు పగులుతాయి, ఉక్కపోత ప్రాంతంలో తిరిగొచ్చేసరికి చెప్పులు, బెల్టుల మీద కూడా బూజు నూగు ఉంటుంది.

పైపు పగిలిందా, వరద వచ్చిందా? అప్పుడు గడియారం చూసుకోవాలి. 24 నుంచి 48 గంటల్లో ఆరితే బూజు సాధారణంగా పట్టదు. కార్పెట్ కింది ప్యాడ్ మొదట తీసేయాలి, పైన ఆరినట్టు కనబడినా అదే నీళ్లు పట్టి ఉంచుతుంది. మురుగునీరైతే ఆరబెట్టే ఆలోచనే వద్దు, తడిసిన కార్పెట్, పరుపు, డ్రైవాల్ (గోడకు బిగించే జిప్సం పలక) పారేయడమే.

ఎంతవరకు సొంతంగా చేసుకోవచ్చు? అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెప్పే గీత 10 చదరపు అడుగులు, అంటే ఇంచుమించు మూడడుగులకు మూడడుగులు. అంతకు మించినా, మురుగునీరు తగిలినా, ఏసీ డక్టుల్లోకి పాకినా నిపుణులకు అప్పగించాలి. ఆస్తమా ఉన్నవారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు, పసిపిల్లలు ఆ గదిలో ఉండకూడదు. పాత భవనమైతే గోడ కోసే ముందు ఆస్‌బెస్టాస్, సీసం రంగు ఉన్నాయేమో పరీక్ష చేయించాలి. ఇది మరిచిపోతే బూజుకంటే పెద్ద ముప్పు కొనితెచ్చుకున్నట్టే.

చిన్న పనికైనా ఎన్95 మాస్కు, చిల్లుల్లేని కళ్లద్దాలు, మోచేతి దాకా గ్లవ్స్ కావాలి. ఏసీ, హీటర్ ఆపి, గదిలోని గాలి జాలీలను పాలిథిన్‌తో మూయండి. తలుపుకు 6 మిల్ (సుమారు 0.15 మిల్లీమీటర్ల) మందం పాలిథిన్ షీటు కట్టి, కిటికీలో ఫ్యాన్‌ను బయటికి ఊదేలా బిగించండి. షీటు గది లోపలి వైపుకు ఉబ్బితే గాలి సరైన దిశలో పోతోంది, బయటి వైపుకు ఉబ్బితే స్పోర్లు ఇంట్లోకే వస్తున్నాయి. మచ్చ మీద ముందు సన్నగా నీళ్లు పిచికారీ చేయాలి, అప్పుడు స్పోర్లు లేవవు. టైల్స్, గాజు, లోహం వంటివి డిటర్జెంట్ నీళ్లతో రుద్ది వెంటనే ఆరబెడితే చాలు. డ్రైవాల్, ఇన్సులేషన్, సీలింగ్ టైల్స్ లోపలిదాకా పీల్చుకుంటాయి గనుక కోసి పారేయాలి, అదీ కనబడే మచ్చ అంచుకు రెండడుగులు అవతలిదాకా. ముక్కల్ని అక్కడే సంచిలో కట్టి, సంచిని తడిబట్టతో తుడిచాకే ఇంట్లోంచి తీసుకెళ్లాలి. లోపలి చెక్క గట్టిగా ఉంటే బ్రష్‌తో గీకి, సన్నటి కణాల్ని పట్టి ఉంచే హెపా ఫిల్టరున్న వాక్యూమ్‌తో లాగితే సరిపోతుంది. మామూలు వాక్యూమ్ ఒకవైపు పీల్చి ఇంకోవైపు చల్లుతుంది.

బ్లీచ్ మీద అందరికీ గట్టి నమ్మకం. డ్రైవాల్ మీద బ్లీచ్ కొడితే పైన రంగు పోతుంది, దానిలోని నీళ్లు లోపలికి ఇంకి బూజుకే మేత అవుతాయి. అమోనియా ఉన్న క్లీనర్‌తోగానీ వెనిగర్‌తోగానీ కలిపితే విషవాయువు పుడుతుంది. బూజు మీద రంగు వేయడం కూడా ఇలాంటిదే, కొన్నాళ్లకు పెచ్చులుగా ఊడుతుంది.

‘నల్లబూజు’ అని భయపెట్టి ఖరీదైన పరీక్షలు అంటగట్టేవారుంటారు. నల్లగా ఉన్నదంతా ఆ పేరుతో భయపెట్టే స్టాకీబోట్రిస్ అనే ఫంగస్ కాదు, రంగు చూసి జాతి చెప్పలేం. కనబడుతున్న బూజు ఏ జాతిదైనా తీసేయాల్సిందే, అందుకని పేరు తెలియడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. గాలిలో ఇన్ని స్పోర్లు దాటితే ప్రమాదమనే ఆరోగ్య పరిమితిని ఈపీఏ కూడా పెట్టలేదు. వాసన వస్తూ మచ్చ కనబడకపోతేనో, వ్యవహారం కోర్టు దాకా పోయేలా ఉంటేనో పరీక్షకు అర్థముంది. అప్పుడు బయటి గాలి నమూనా కూడా తీయాలి, పోలిక లేని అంకెకు విలువ లేదు. పరీక్షించేవారూ బాగుచేసేవారూ ఒకే కంపెనీ కాకుండా చూసుకోండి.

అద్దె ఇల్లయితే గోడ కోయడం మీ పని కాదు. స్కేలు పక్కన పెట్టి ఫొటోలు తీసి, తేదీలవారీ తేమ అంకెలతో యజమానికి ఈమెయిల్ రాయండి. ఫోన్లో చెప్పినది రేపు లెక్కలోకి రాదు. ‘మీరే కిటికీలు తెరవడం లేదు’ అన్నది మామూలుగా వచ్చే జవాబు, మీ హైగ్రోమీటర్ అంకెలు అప్పుడే పనికొస్తాయి. కోపం కొద్దీ సొంతంగా అద్దె ఆపకండి. చాలాచోట్ల అది మిమ్మల్నే ఖాళీ చేయించడానికి దారి ఇస్తుంది. ముందు స్థానిక గృహ తనిఖీ విభాగానికి, అద్దెదారుల సలహా కేంద్రానికి వెళ్లండి. బీమా పాలసీలు సాధారణంగా హఠాత్తుగా పగిలిన పైపుకు వర్తిస్తాయి, నెలల తరబడి కారిన దానికి వర్తించవు. కాబట్టి చూసిన రోజే తెలియజేయాలి.

పని పూర్తయ్యాక గోడ మూయడానికి కాంట్రాక్టరు తొందరపడతాడు. లోపలి చెక్క తేమ మాయిశ్చర్ మీటరులో 15 శాతం లోపు చూపించేదాకా ఒప్పుకోకండి. ఆ అంకెను ఫొటో తీసి ఉంచుకుని, అప్పుడు కొత్త డ్రైవాల్ బిగించనివ్వండి.