ఛైర్మన్ గారు పోయిన వారంలోనే గృహప్రవేశం

నాన్నా,

నిన్న రాత్రి ఫోన్లో నువ్వు అడిగినదానికి సరిగ్గా చెప్పలేకపోయాను. పక్కన టీవీ మోత, పైగా నీ గొంతు బాగోలేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. మీ ఛైర్మన్ గారు బుధవారం పోయారు, ఆదివారం తెల్లవారుజామున నీ గృహప్రవేశం, వాయిదా వెయ్యాలా అని కదా అడిగావు. వద్దు, వెయ్యకు.

మైల సంగతైతే అసలు ఆలోచించక్కర్లేదు, అది దాయాదులకి. జీతమిచ్చిన మనిషి పోతే మైల రాదు, కావాలంటే పంతులుగారినే అడుగు. అయినా నీ టెన్షన్ మైల గురించి కాదని నాకు తెలుసు. ఇంట్లో మామిడాకులు కడుతుంటే నీకు ఏడుపొస్తోంది, అది ఎవరితో చెప్పుకోవాలో తెలియట్లేదు.

నేనొకసారి వాయిదా వేసినవాణ్ణే. 1993లో నేను టాటాల ఊరు జంషెడ్‌పూర్‌లో ఉద్యోగం చేస్తున్నాను. నవంబరు 29న టాటా గ్రూపు పాత ఛైర్మన్ జె.ఆర్.డి. టాటా గారు జెనీవాలో పోయారు. కార్తీక పౌర్ణమి రోజులవి, ఆ వారంలోనే మీ అక్క మొదటి పుట్టినరోజు. ఆయన్ని నేను చూసింది ఒక్కసారే, అదీ మార్చి 3న ఫౌండర్స్ డే నాడు జనంలో నిలబడి. అయినా ఊరంతా దిగులుగా ఉంటే మనింట్లో కేకేంటని, పిలిచిన వాళ్లందరి ఇళ్లకీ సైకిలేసుకుని వెళ్లి రావద్దని చెప్పొచ్చాను. మీ పెద్దమ్మ ఒక్క మాట అనలేదు. కుట్టించిన పట్టు పరికిణీ మడతపెట్టి ట్రంకుపెట్టెలో పెట్టేసింది. సంక్రాంతికి తీసి చూస్తే పిల్లకి నడుం దగ్గర పట్టలేదు. అది ఇంకా మా ఇంట్లోనే ఉంది, ఒక్కసారీ కట్టని పరికిణీ. నేను చేసిన ఆ పనివల్ల పోయిన మనిషికి ఒరిగిందేమీ లేదు.

2024లో మాత్రం మేం వేరేలా చేశాం. అక్టోబరు 9, మూలా నక్షత్రం, పొద్దున మనవరాలికి అక్షరాభ్యాసం చేయించాం, ఇంట్లో బొమ్మల కొలువు పెట్టాం. ఆ రాత్రి బాగా పొద్దుపోయాక రతన్ టాటా గారు పోయారని వార్త. రెండు రోజుల ముందే, 7న, కంగారేమీ లేదు, ఈ వయసులో మామూలుగా చేయించుకునే పరీక్షలేనని ఆయనే చెప్పారు కాబట్టి ఎవరూ అనుకోలేదు. 86 ఏళ్లు, నిజమే, కానీ వయసు లెక్కేసుకుంటే బాధ తగ్గుతుందా? మా అల్లుడు ఆ గ్రూపు కంపెనీలోనే పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాడు. మర్నాడు మాకు పేరంటం. అతను వంటింట్లోకొచ్చి “మామయ్యగారూ, లోపలి గదిలో కాసేపు టీవీ పెట్టుకోవచ్చా” అని పర్మిషన్ అడిగాడు. మనసు చివుక్కుమంది నాకు.

హాల్లో పేరంటాళ్లు తాంబూలాలు, శనగలు తీసుకుంటున్నారు, లోపల సౌండు తగ్గించిన టీవీలో, రతన్ గారి భౌతికకాయం ఉంచిన ముంబై ఎన్‌సీపీఏ కళాకేంద్రం దగ్గర జనం క్యూలు. ఆయన పెంచుకున్న కుక్కని, గోవా దాని పేరు, కడసారి చూపుకి తీసుకొచ్చారు. మనవరాలు మంచమెక్కి కూర్చుని “కుక్క ఎందుకొచ్చింది నాన్నా” అంది. అప్పుడు మొదలుపెట్టాడు అతను. 2008లో తాజ్ హోటల్ మీద దాడి జరిగాక అక్కడి ఉద్యోగుల ఇళ్లకి ఆయన వెళ్లి పలకరించడం, ఆ డిసెంబరులోనే బాధితుల కోసం ట్రస్టు పెట్టించడం, అన్నీ. పిల్లకేం అర్థమైందో గానీ గుమ్మంలో కుంకుమ భరిణె పట్టుకుని నిలబడ్డ మా వియ్యపురాలు మొత్తం వింది. పొద్దుటి నుంచి “పండగ పూట ఈ చావు వార్తలేంట్రా” అని సణుగుతున్న మనిషి, మాట్లాడకుండా వెళ్లి కొడుక్కి కాఫీ కలిపి తెచ్చింది.

కాబట్టి నువ్వు ముందు చెయ్యాల్సింది ఇదే. ఇవాళ రాత్రి అన్నాల దగ్గర మీ ఛైర్మన్ గారి గురించి ఒక్క సంగతి చెప్పు ఇంట్లో. మహానుభావుడు, మార్గదర్శి, అవన్నీ పేపర్ల వాళ్లు రాస్తార్లే. నువ్వు చేరిన రెండో వారంలో లిఫ్టులో పేరు పెట్టి పిలిచారన్నావు చూడు, అది చెప్పు. మీ అమ్మకి ఆయన గోడమీద క్యాలెండర్లో ఫొటో, అంతే. నీకెందుకింత బాధో తనకి ఎలా తెలుస్తుంది?

శనివారం ఆఫీసు ఆవరణలో భౌతికకాయం ఉంచుతారన్నావుగా, వెళ్లు. ఎనిమిదిలోపే వెళ్లు, నాయకుల కార్లు మొదలయ్యాయంటే నిన్ను తాళ్ల అవతలే ఆపేస్తారు. పెద్ద పూలచక్రాలేం వద్దు. వాళ్ల అమ్మాయి కనిపిస్తే నీ పేరు, ఏ విభాగం, ఎన్నేళ్లుగా ఉన్నావు, ఆ లిఫ్టు సంగతి, అంతవరకే చెప్పు. ధైర్యంగా ఉండండి అనకు, ఆ మాట అప్పటికి వెయ్యిమంది అని ఉంటారు. వెళ్లొస్తానని కూడా అనకూడదు, తెలుసుగా, దణ్ణం పెట్టి వచ్చెయ్యడమే. ఇంటికి రాగానే స్నానం చేసి పనుల్లో పడు. గృహప్రవేశం ముందురోజు ఇదేంటని మీ అమ్మ అంటుంది, తప్పకుండా అంటుంది. ఆ ఫోన్ నాకొదిలెయ్యి.

అక్కడ క్యూలో తర్వాత ఎవరొస్తారన్న గుసగుసలుంటాయి, వాటి జోలికి పోకు. సోమవారమే కొత్త పేరు ప్రకటించినా మనసు కష్టపెట్టుకోకు. అక్టోబరు 10న రతన్ గారి అంత్యక్రియలైతే 11న ఆయన సవతి తమ్ముడు నోయెల్ టాటాని ఆయన స్థానంలో టాటా ట్రస్టుల ఛైర్మన్‌గా ఎన్నుకున్నారు. మా అల్లుడు మొదట మొహం చిట్లించాడు, తర్వాత తనే అన్నాడు, గ్రూపు మాతృసంస్థ టాటా సన్స్‌లో సుమారు మూడింట రెండొంతుల వాటా ఆ ట్రస్టులదే అయినప్పుడు కుర్చీ ఎన్నాళ్లు ఖాళీగా ఉంచుతారని.

ఇక ఫోన్. ఆఫీసు గ్రూపులో వాళ్లు నివాళులు పెడుతుంటే దాని కింద నువ్వు గడపకి పసుపు రాసిన ఫొటో పెట్టకు, మన కుటుంబం గ్రూపులో పెట్టుకో ఎన్నైనా. ఆయన అన్నారంటూ తిరిగే సూక్తులు ఫార్వర్డ్ చెయ్యకు. రతన్ టాటా గారి పేరుతో ఎన్ని తిరిగాయో, 2020 ఏప్రిల్లో కరోనా మీద వచ్చిన ఒకటి నాది కాదని ఆయనే చెప్పాల్సొచ్చింది. బతికున్నవాడు కాబట్టి చెప్పగలిగాడు. మీ ఛైర్మన్ గారితో దిగిన సెల్ఫీ నీ దగ్గరుంటే దాచుకో, ఈ వారం బయటికి తియ్యకు.

పిలిచిన ఆఫీసు వాళ్లకి మెసేజ్ కాదు, ఫోన్ చెయ్యి. “ముహూర్తం మార్చలేకపోయాను, రాగలిగితే రండి, రాకపోయినా ఏమీ అనుకోను” అంటే చాలు. రానివాళ్ల లెక్క మనసులో రాసుకోకు. క్యాటరింగ్ వాళ్లకి మాత్రం ఓ ఇరవై ప్లేట్లు తగ్గించి చెప్పు. డీజే నీకు మనసొప్పట్లేదంటే మానెయ్, సన్నాయి ఉండాల్సిందే. రతన్ గారు పోయిన రాత్రి ముంబైలో గర్బా ఆడుతున్న చోట పాట ఆపి కాసేపు నివాళి అర్పించారు, బాగుంది, కానీ నీ ఇంట్లో చుట్టాలందర్నీ నిలబెట్టి మౌనం పాటించమనకు. నీ కూతురు ఆవు దూడ వస్తుందని నెలరోజులుగా ఎదురుచూస్తోంది.

ఈ వారమంతా హడావిడి, నీకు ఏడవడానికి తీరికుండదు. అసలుది తర్వాతొస్తుంది, ఏదో పాత మెయిల్లో ఆయన పేరు కనిపించినప్పుడు. పదకొండో రోజు అయ్యాక, జనం పలచబడ్డాక, వాళ్ల ఇంటికి ఒక ఉత్తరం రాయి, చేత్తో. అప్పటికి పరామర్శలు ఆగిపోయుంటాయి కాబట్టి చదువుతారు.

మేం శనివారం సాయంత్రానికి దిగుతాం. పాలు పొంగించడానికి ఇత్తడి గిన్నె మీ పెద్దమ్మ తెస్తోంది, నువ్వు కొనకు.

మీ పెద్దనాన్న